కడపలో అలర్జీ టెస్ట్: సూదులకు పూర్తి మార్కులు, కౌంటర్‌కు సున్నా

ముందే చెప్పేస్తా, టెస్ట్ చేయించుకున్నందుకు నాకేం బాధ లేదు. చేతి మీద చుక్కలు వేసి సూదితో గుచ్చే స్కిన్ ప్రిక్ టెస్ట్ గురించే నేను చెప్పేది. డబ్బుకు తగ్గ పని అయింది. కానీ ఆ టెస్ట్ చుట్టూ ఒక వ్యాపారం అల్లుకుని ఉంది చూశారా, ప్యాకేజీలు, డైట్ చార్టులు, ఇంకో రక్తపరీక్ష, దాని మీద మరొకటి, అక్కడ నోరు తెరిచి అడగకపోతే రెండు మూడు వేలతో తేలే పని పదివేలు దాటిపోతుంది. క్లినిక్ పేరు రాయడం లేదు. ఊర్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి, మా బంధువులు వెళ్లిన చోట కూడా ఇదే కథ అన్నారు, కాబట్టి మీరు ఏ తలుపు తట్టినా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

నాది ఎర్రముక్కపల్లె. పని సీకే దిన్నె వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో. రోజూ స్కూటీ మీదే. వానలు పడి నెలా నెలన్నర తిరిగేసరికి ఆ రోడ్డుకు రెండు పక్కలా వయ్యారిభామ (పార్థీనియం కలుపుమొక్క) తెల్లగా పూసి నిలబడుతుంది, దాని వెనకాల కంపచెట్లు (సర్కారు తుమ్మ), ఖాళీ ప్లాట్లలో అయితే మనిషెత్తు. సెప్టెంబర్ చివర్లో మొదలైతే సంక్రాంతి దాకా నాకు పొద్దున లేవగానే తుమ్ములు, ఒకటి కాదు, వరసగా, ఇంట్లో వాళ్లు లెక్కపెట్టి నవ్వుకునేంత. తర్వాత ముక్కు కారడం, కళ్లు మండటం, అంగిట్లో దురద, సాయంత్రానికి ముక్కు దిబ్బడ. జ్వరం ఉండదు, ఒళ్లునొప్పులు ఉండవు, అందుకే జలుబు అనడానికి కుదరదు. స్టాఫ్ రూములో అందరూ చాక్‌పీస్ పొడి వల్లే అని తేల్చేశారు. మా అత్తమ్మ తలస్నానం చేసి ఫ్యాను కింద కూర్చోవడం వల్ల అంది. మా ఆయన అయితే ఏమీ అనడు, మందుల షాపుకు వెళ్లి సెటిరిజిన్ షీటు తెచ్చి చేతిలో పెడతాడు. ఆ మాత్ర వేసుకుంటే తుమ్ములు తగ్గుతాయి, నిజమే, కానీ మూడో పీరియడ్‌కి పిల్లల కంటే ముందు నాకే నిద్ర వస్తుంది.

ఈసారి తుమ్ములతో పాటు రాత్రిపూట దగ్గు కూడా పట్టుకుంది, ఛాతీలో సన్నగా పిల్లికూతలు. అప్పుడిక టెన్షన్ మొదలైంది. ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో కొంతమందికి అది ఆస్తమాతో కలిసి నడుస్తుందని ఈఎన్‌టీ డాక్టర్ చెప్పి, అసలు దేనికి పడటం లేదో చూద్దాం అని టెస్ట్ రాశారు. వేలూరు, తిరుపతి, బెంగళూరు, ఎక్కడికైనా పోవచ్చు, మన కడప వాళ్లకు ఆ బస్సులు కొత్త కాదు. కానీ సెలవు దొరకలేదు. ఊర్లోనే ఒక క్లినిక్‌కు పెద్ద నగరం నుంచి అలర్జీ స్పెషలిస్ట్ వచ్చి పోతుంటారని తెలిసి అక్కడికే వెళ్లా.

బుకింగ్ దగ్గరే మొదటి చిరాకు. ఫోన్లో అమ్మాయి తేదీ చెప్పింది, ఫీజు చెప్పింది, "సెటిరిజిన్ వారం ముందు ఆపేయండి మేడం" అంది, అంతే, పెట్టేసింది. ఇది సగం మాటే. ఈ టెస్ట్ చెడగొట్టేది సెటిరిజిన్ ఒక్కటే కాదు, యాంటీహిస్టమిన్ అనే అలర్జీ మందుల జాతి మొత్తం. లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్, లొరాటడిన్ అన్నీ. మాంటెలుకాస్ట్ అనే ఇంకో అలర్జీ మందుతో కలిపి వచ్చే మాత్రలో కూడా లెవోసెటిరిజిన్ ఉంటుంది. జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్పుల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు. ఫామోటిడిన్ లాంటి గ్యాస్ మాత్ర, డిప్రెషన్‌కు, నిద్రకు వాడే కొన్ని మందులు కూడా ఫలితాన్ని తగ్గించి చూపిస్తాయి, అయితే అవి ఎవరికి వాళ్లు ఆపేయకూడదు, రాసిన డాక్టర్‌ను అడగాలి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ఆస్తమా ఇన్‌హేలర్ మామూలుగా ఆపాల్సిన పనిలేదు. ముంజేతికి స్టెరాయిడ్ క్రీమ్ ఏదైనా రాస్తుంటే అది కూడా ముందే చెప్పాలి. ఇదంతా ఒక వాట్సాప్ మెసేజ్‌లో పెట్టొచ్చు కదా? పెట్టరు. నా ముందు కూర్చున్న ఒక పెద్దాయన పులివెందుల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు, పొద్దున్నే జలుబు మాత్ర వేసుకుని వచ్చాడని తెలిసి మళ్లీ రమ్మని వెనక్కి పంపేశారు. "ముందే చెప్పుంటే వేసుకునేవాణ్ణి కాదు కదమ్మా" అని ఆయన కౌంటర్ దగ్గర నిలబడి అడుగుతుంటే ఆ అమ్మాయి కంప్యూటర్ వైపే చూస్తోంది. పంపేయడం సరైనదే, మందు ఒంట్లో ఉండగా టెస్ట్ చేస్తే అన్నీ నెగెటివ్ వస్తాయి. చెప్పకపోవడం మాత్రం వాళ్ల తప్పే.

మాత్రలు లేని ఆ వారం ఎలా గడుస్తుందో ఎవరూ చెప్పరు, నేను చెప్తా, నరకం. అసలు సీజన్ మధ్యలో టెస్ట్ పెట్టుకోకుండా ఎండాకాలంలో పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. టెస్ట్ చూసేది మన ఒంట్లో ఆ పుప్పొడికి ఐజీఈ అనే యాంటీబాడీ తయారై ఉందా లేదా అని, అది పూత లేని నెలల్లో కూడా ఉంటుంది. కాబట్టి అర్జెంటు లేనివాళ్లు ఏప్రిల్, మే చూసుకోండి. ఒక్క మాట, ఆస్తమా బాగా ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఈ టెస్ట్ చేయరు, చేయకూడదు కూడా. నాకు ముందు ఊపిరి ఊదించి చూసిన తర్వాతే చేతిమీద చుక్క పెట్టారు, ఆ విషయంలో వాళ్లు పద్ధతిగానే ఉన్నారు. బీపీకి వాడే బీటా బ్లాకర్ మాత్రలు ఏమైనా ఉన్నాయా అని కూడా అడిగారు, ఎందుకంటే ఒకవేళ రియాక్షన్ వస్తే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ అవి వాడేవాళ్లలో సరిగా పనిచేయకపోవచ్చు. ఆ ఇంజెక్షన్, ఆక్సిజన్ రెండూ గదిలోనే కనపడుతూ ఉన్నాయి. మీరు వెళ్లే చోట ఇవి లేకపోతే లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు. పెద్ద రియాక్షన్ రావడం చాలా అరుదు, కానీ అరుదు అంటే అసలు రాదు అని కాదు.

ఇక టెస్ట్. నిజంగా చెప్తున్నా, భయపడాల్సింది ఏమీ లేదు. రెండు ముంజేతుల లోపలి వైపు స్పిరిట్‌తో తుడిచి, పెన్నుతో నంబర్లు వేసి, ఒక్కో నంబర్ పక్కన ఒక్కో చుక్క. పుప్పొళ్లు, డస్ట్ మైట్స్ (పరుపుల దుమ్ములో బతికే, కంటికి కనపడని పురుగులు), బొద్దింక, బూజులు, కుక్క, పిల్లి, తర్వాత తిండి పదార్థాలు. చుక్క మీద లాన్సెట్ అనే చిన్న సూదితో అలా పైపైన గుచ్చి తీస్తారు, రక్తం రాదు. చుక్క మారినప్పుడల్లా నర్సు కొత్త లాన్సెట్ తీస్తోందా లేదా అని నేను కళ్లార్పకుండా చూశా, తీసింది. ఈ గుచ్చి చూసే ఆలోచన పాతదే. మాంచెస్టర్‌లో ఛార్లెస్ బ్లాక్లీ అని ఒక డాక్టర్, ఆయనకే గడ్డి పుప్పొడి పడేది కాదు, తన చర్మాన్ని తనే గీరుకుని పుప్పొడి పెట్టి చూసుకుని 1873లో పుస్తకం వేశాడు. ఆ రోజుల్లో చేతికి కట్టు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చిందట. మనకు పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

ఆ ఇరవై నిమిషాలే అసలు పరీక్ష. పడని చుక్క దగ్గర దోమ కుట్టినట్టు దద్దు లేస్తుంది, చుట్టూ ఎర్రబడుతుంది, దురద మాత్రం దోమకు పదింతలు. గోకకూడదు. నర్సు అమ్మాయి బలే మంచిది, ప్రొద్దుటూరు యాస, "అక్కా, చెయ్యి కదిలించొద్దు, ఎంత దురదున్నా ఊదుకో, అంతే, గోకినావంటే మళ్లీ మొదటికొస్తాది" అంటూ పక్కనే నిలబడి ఊదింది కూడా. పక్క కుర్చీలో ఏడెనిమిదేళ్ల పిల్లాడికి చేస్తుంటే వాడికి ఫోన్లో కార్టూన్ పెట్టి ఇచ్చింది. ఆ అమ్మాయికి జీతం పెంచండి ఎవరైనా.

చుక్కల్లో రెండు ప్రత్యేకం. ఒకటి హిస్టమిన్, అలర్జీలో దురద పుట్టించే పదార్థమే, అది అందరికీ దద్దు లేపాలి, లేపలేదంటే ఒంట్లో ఇంకా మాత్ర ఉందని అర్థం, టెస్ట్ పనికిరాదు. ఇంకోటి ఉత్త సెలైన్, అది లేవకూడదు, లేస్తే మీ చర్మం ఏది గుచ్చినా లేచే రకం అన్నమాట. సెలైన్ దగ్గర కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువ దద్దు లేస్తేనే పాజిటివ్ అంటారు. స్కేలు పెట్టి కొలిచి రాస్తున్నారా, కంటితో చూసి ప్లస్ గుర్తులు వేసేస్తున్నారా అన్నది గమనించండి. నాకు కొలిచారు. రిపోర్టులో హిస్టమిన్ ఎంత, సెలైన్ ఎంత అన్నవి కూడా రాసి ఉండాలి, అవి లేని రిపోర్టు ఇంకో డాక్టర్‌కు చూపిస్తే ఆయనకు ఏమీ అర్థం కాదు.

నాకు వచ్చినవి ఇవీ: వయ్యారిభామ పెద్ద దద్దు, కంపచెట్టు దానికంటే కొంచెం తక్కువ, డస్ట్ మైట్స్ రెండు రకాలూ ఒక మోస్తరు, బొద్దింక కొద్దిగా. తిండిలో వంకాయ, చెనిక్కాయ. చెనిక్కాయ! రాయలసీమ మనిషికి చెనిక్కాయ పడదంటే ఇక రాగిసంగటి దేంతో తినాలి, దోసెలో ఏం నంచుకోవాలి, ఉగ్గానిలో పప్పుల పొడికి తోడు ఏం చల్లుకోవాలి. కుక్క, పిల్లి నెగెటివ్. చాక్‌పీస్‌కు టెస్టే లేదు, సుద్దపొడి ముక్కును గరగరలాడించే దుమ్మే గానీ మామూలుగా అలర్జీ పుట్టించేది కాదట, స్టాఫ్ రూమ్ తీర్పు అక్కడే కొట్టేశారు.

రిపోర్ట్ చేతికి రాగానే కౌంటర్ దగ్గర ఇంకో అమ్మాయి, కౌన్సెలర్ అట, తెల్లకోటు వేసుకుని ఉంది కానీ డాక్టర్ కాదు, నన్ను కూర్చోబెట్టి ఒక అచ్చు కాగితం ఇచ్చింది. వంకాయ వద్దు, చెనిక్కాయ వద్దు, పెరుగు వద్దు, పులుపు వద్దు, గుడ్డు వద్దు. "పెరుగు నాకు నెగెటివ్ వచ్చింది కదమ్మా" అంటే "అలర్జీ వాళ్లందరికీ ఇదే చార్ట్ మేడం" అంది. తర్వాత రెండొందల పైన ఆహారాలకు ఒకే రక్తపరీక్ష, ఐజీజీ టెస్ట్, డిస్కౌంట్ ఇవాళే. తర్వాత పరుపు కవర్లు, వాళ్ల మెడికల్ షాపులోనే. డాక్టర్‌ను కలవకముందే ఇదంతా. ఈ ఐజీజీ టెస్ట్ గురించి గట్టిగా చెప్పాలి: యూరప్ అలర్జీ డాక్టర్ల సంఘం 2008లోనే దీన్ని ఆహార అలర్జీ కనిపెట్టడానికి వాడొద్దని రాసింది, అమెరికా వాళ్ల సంఘం కూడా అదే మాట చెప్పింది. మనం ఒక పదార్థం తింటూ ఉంటే దానికి ఐజీజీ అనే యాంటీబాడీ (ఐజీఈ కాదు, వేరే రకం) ఒంట్లో ఉండటం మామూలు, రోజూ తినేవన్నీ అందులో పాజిటివ్ వస్తాయి, రిపోర్టు నిండా ఎర్ర గీతలు, ఇంట్లో వంట బంద్. పిల్లలకు ఇది చేయించి పాలు, గుడ్లు, గోధుమలు అన్నీ ఆపేసిన తల్లులు నాకు తెలుసు, ఆ పిల్లలు బక్కచిక్కిపోవడం తప్ప తుమ్ములు తగ్గింది లేదు.

అసలు విలువ డాక్టర్ గదిలో ఉంది. వెయిటింగ్ చాలాసేపు, కుర్చీలు చాలవు, ఫ్యాను ఒక్కటే, నేను మూడు క్లాసుల నోట్సులు దిద్దేసుకున్నా. కానీ లోపలికి వెళ్లాక ఆయన తొందరపడలేదు. రిపోర్ట్ పక్కన పెట్టేసి మొదట నన్నే అడగడం మొదలుపెట్టారు. ఏ నెలలో ఎక్కువ, ఇంట్లో ఎక్కువా బయట ఎక్కువా, వాన పడుతున్నప్పుడా ఎండ కాసినప్పుడా, ఊరు మారితే ఏమవుతుంది. నేను చెప్పా, దసరా సెలవుల్లో చెన్నైలో మా అన్న వాళ్లింట్లో ఉంటే తుమ్ములు దాదాపు ఉండవు అని. ఆయన అక్కడ ఆగారు. "చెన్నైలో తేమ ఎక్కువమ్మా, డస్ట్ మైట్స్ కడప కంటే అక్కడే బాగా పెరుగుతాయి. అక్కడ నీకు తగ్గిందంటే పరుపు కాదు నీ సమస్య, రోడ్డు పక్కన పూత." అంతే, కౌంటర్‌లో అమ్మబోయిన పరుపు కవర్ల లిస్టు మీద గీత కొట్టేశారు. చెనిక్కాయ గురించి అడిగితే ఎదురు ప్రశ్న: "తింటే ఏమన్నా అవుతుందా? నోరు దురద, దద్దుర్లు, పెదాలు వాపు, వాంతులు, ఊపిరాడకపోవడం?" ఏమీ లేదు, చిన్నప్పటి నుంచి తింటున్నా. "అయితే తిను." చర్మం మీద దద్దు లేచినంత మాత్రాన ఆ పదార్థం మనకు జబ్బు చేస్తోందని కాదట, ఒంటికి అది తెలుసు అన్నంత వరకే. తిన్న నిమిషాల్లోనో గంటా రెండు గంటల్లోనో ఒంట్లో తేడా వచ్చేవాళ్లకైతే ఇదే రిపోర్టు చాలా సీరియస్, వాళ్లు ఆ పదార్థం జోలికే పోకూడదు. అదే కాగితం ఇద్దరు మనుషులకు రెండు రకాల అర్థాలు ఇస్తుంది, ఆ తేడా చెప్పగలిగేది మనల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగే మనిషే. అందుకే నేను మందుల షాపు పక్కన ల్యాబుల్లో నేరుగా ప్యానెల్ (చాలా పదార్థాలకు కలిపి ఒకేసారి చేసే) రక్తపరీక్షలు రాయించుకోవద్దంటా. రక్తంలో అలర్జీ పుట్టించే ఒక్కో పదార్థానికి విడిగా ఐజీఈ చూసే పరీక్ష మంచిదే, మాత్రలు ఆపలేనివాళ్లకు, ఒళ్లంతా ఎగ్జిమా (దురదతో ఎర్రబడే చర్మ జబ్బు) ఉన్నవాళ్లకు, బాగా ఆస్తమా ఉన్నవాళ్లకు అదే దారి, కానీ అది కూడా ఎవరో ఒకరు మన కథ విని రాయాలి. మొత్తం ఐజీఈ ఎక్కువుందని మాత్రం కంగారు పడొద్దు, కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది.

డాక్టర్ నిజాయితీ తెలిసిన చోటు ఇంకోటి. మైదుకూరు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, వయ్యారిభామ పీకి పీకి మెడ, మొహం, మోచేతుల మడతలు నల్లగా మందంగా అయిపోయి పగుళ్లు. ఆయన కూడా ఇదే టెస్ట్ చేయించుకుందామని డబ్బు పట్టుకుని వచ్చాడు. ఆయనకు ఈ టెస్ట్ చేయలేదు. వయ్యారిభామతో చర్మానికి వచ్చేది వేరే రకం అలర్జీ, గంటల్లో కాదు రోజుల్లో బయటపడేది, దానికి వీపు మీద పట్టీ అంటించి 48 గంటల తర్వాత ఒకసారి, మళ్లీ ఒకట్రెండు రోజులాగి ఇంకోసారి చూసే ప్యాచ్ టెస్ట్ ఉంటుంది, చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లమని రాసిచ్చారు. ముక్కుకు వేరు, చర్మానికి వేరు అన్నది నాకూ అక్కడే తెలిసింది.

ఈ రెండు మొక్కల మీద నాకు ఇప్పుడు పర్సనల్ కోపం. వయ్యారిభామ మనది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది, 1950ల్లో దిగుమతి గోధుమలతో పాటు దిగిందని అంటారు, ఆ దశకం మధ్యలో పుణె దగ్గర కనపడింది, ఇప్పుడు మా స్కూలు ప్రహరీ దాకా వచ్చింది. కంపచెట్టు ఇంకా దగ్గరి చుట్టం. 1877లో జమైకా నుంచి తెచ్చిన విత్తనాలు మన దేశంలో మొట్టమొదట నాటిన చోట్లలో మన కమలాపురం ఒకటి! ఎండిపోయిన నేల పచ్చబడాలని, వంటచెరుకు దొరకాలని వేశారు. వేసినవాళ్ల ఉద్దేశం మంచిదే, వాళ్లకు నా ముక్కు గురించి తెలియదు. ఇప్పుడు దాని బొగ్గు మీద బతికే కుటుంబాలున్నాయి కాబట్టి కొట్టేయండి అని రోడ్డు మీద నిలబడి అరవలేను. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే పీకించమని మా హెడ్మాస్టర్ వెంటపడి స్కూలు చుట్టూ శుభ్రం చేయించా, పీకేవాళ్లకు చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కాలు ఉండాలని పట్టుబట్టి మరీ. పిల్లలతో పీకించొద్దని కూడా చెప్పా, చాలా స్కూళ్లలో శ్రమదానం పేరుతో అదే చేస్తారు.

ఇక వాడిన వస్తువులు. ఫ్లూటికాసోన్ ముక్కు స్ప్రే, నాలుగొందల లోపే, ఇదే నాకు అన్నింటికంటే ఎక్కువ పనిచేసింది. స్టెరాయిడ్ అనగానే మా అత్తమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది, కానీ ఇది ముక్కు లోపలే పనిచేసే చిన్న మోతాదు. కొట్టిన రోజే తగ్గలేదని మూలకు పడేసేవాళ్లు ఎక్కువ, దీనికి పూర్తి బలం రావడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది, సీజన్ వచ్చే ముందే మొదలుపెట్టాలి. తల కొంచెం వంచి, కుడి ముక్కులోకి ఎడమచేత్తో, ఎడమ ముక్కులోకి కుడిచేత్తో, మధ్య గోడ వైపు కాకుండా కంటి మూల వైపు కొట్టాలి, గట్టిగా పీల్చకూడదు. మధ్య గోడకు కొడితే రక్తం వస్తుంది. ఇది నాకు నేర్పింది ఆ నర్సే. దీనికి పూర్తిగా ఉల్టా, వెంటనే ముక్కు తెరిచే జైలోమెటజోలిన్ చుక్కలు, ఇవి మూడు నాలుగు రోజులు మించి వాడితే ముక్కు వాటికి అలవాటు పడి అవి లేకపోతే తెరుచుకోదు, మా స్టాఫ్ రూములో ఒక సార్ ఏళ్ల తరబడి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

మాత్ర కావాలంటే ఫెక్సోఫెనడిన్, సెటిరిజిన్ అంత నిద్ర ఉండదు, పళ్లరసంతో మాత్రం వేసుకోవద్దు, మందు సరిగా ఒంటికి పట్టదు. మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర మన దగ్గర చాక్లెట్లంత సులభంగా ఇచ్చేస్తారు. దానివల్ల కొందరికి నిద్ర చెడటం, పీడకలలు, మనసు బాగోకపోవడం లాంటివి రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో పెద్ద హెచ్చరిక పెట్టింది, ఉత్త ముక్కు అలర్జీకి మిగతావి పనిచేయకపోతేనే వాడమంది. డాక్టర్ చెబితే వేసుకోండి, షాపువాడు చెబితే వద్దు.

ఉప్పునీళ్లతో ముక్కు కడిగే సీసా, మన జలనేతి చెంబే అనుకోండి, ప్లాస్టిక్‌లో. స్కూలు నుంచి రాగానే కడిగితే ఆ సాయంత్రం హాయిగా ఉంటుంది. పావు లీటరుకు అర టీస్పూన్ కంటే కొంచెం తక్కువ ఉప్పు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడొద్దు, కాచి చల్లార్చినవే, ముక్కులోంచి మెదడుకు పోయే అమీబా ఒకటి ఉంది, అరుదే కానీ ప్రాణం తీస్తుంది. స్కూటీ మీద మామూలు సర్జికల్ మాస్క్, పైన ముందు అద్దం దించిన హెల్మెట్, నాకు ఇదే చాలు. పుప్పొడి రేణువులు ఎక్కువగా పది మైక్రాన్ల కంటే పెద్దవి, వాటికోసం ఖరీదైన మాస్కులు అక్కర్లేదు. దుప్పట్లు మేడ మీద ఆరేయడం ఆ సీజన్ అంతా మానేశా. ఎయిర్ ప్యూరిఫయర్ కొనమని ఒకరు సలహా ఇచ్చారు, తలుపులు బార్లా తెరిచి ఉండే మన ఇళ్లలో అది ఎవరి గాలి శుభ్రం చేస్తుందో నాకు అర్థం కాలేదు, కొనలేదు. మైట్స్ పెద్ద దద్దులు లేచి, పడుకోగానే తుమ్ములు ఎక్కువయ్యేవాళ్లు మాత్రం దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికి, పరుపును ఎండకు వేస్తే మేలు. కడప ఎండ ఉచితం కదా, కవర్లు కొనేముందు దాన్ని వాడండి.

ఇంజెక్షన్ల కోర్సు కూడా చెప్పారు, ఇమ్యునోథెరపీ. పడని పదార్థాన్నే అతి కొద్దికొద్దిగా ఇస్తూ ఒంటికి అలవాటు చేయడం, మూడు నుంచి అయిదేళ్లు. సూది వేశాక ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోవాలి. నాలుక కింద చుక్కల రకం కూడా ఉందట. మందులు వాడినా తగ్గనివాళ్లకు ఇది మంచి దారే. కానీ కౌన్సెలర్ నన్ను ఆ రోజే ఏడాది డబ్బు కట్టమంది, డాక్టర్ మాత్రం ఈ సీజన్ స్ప్రేతో చూసి తర్వాత ఆలోచిద్దాం అన్నారు. ఒకే గోడకు ఇవతల ఒక మాట, అవతల ఒక మాట. నేను కట్టలేదు. స్ప్రే సరిగా వాడాక తుమ్ములు చాలావరకు తగ్గాయి, రాత్రి దగ్గుకు ఇన్‌హేలర్ రాశారు, పిల్లికూతలు ఆగాయి. పూర్తిగా పోలేదు, వాన వెలిసి ఎండ కాసిన పొద్దున ఇప్పటికీ రెండు తుమ్ములు ఖాయం.

మార్కులు: నర్సుకు, డాక్టర్‌కు ఐదుకు ఐదు. కౌంటర్‌కు సున్నా. కూర్చునే చోటుకు ఒకటి, అది కూడా నీళ్ల క్యాన్ నిండుగా ఉన్నందుకు. మొత్తం మీద మూడు. వెళ్లేవాళ్లు వాడుతున్న మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, ఏ నెలలో ఎక్కడ ఎక్కువవుతుందో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, డాక్టర్‌ను కలిసేదాకా టెస్ట్ ఫీజు తప్ప ఇంకేమీ కట్టమని ముందే చెప్పేయండి. టోకెన్ కోసం ముందురోజు సాయంత్రమే ఫోన్ చేయండి, ఆ రోజు పొద్దున చేస్తే ఎత్తరు.